మద్యము - ముఖారుణిమ

ప్రబంధమునకు మన ఆలంకారికులు చెప్పిన పదునెనిమిది వర్ణనలలో మధుపానము ఒకటి. ఎఱుపెక్కిన కన్నులు, కందిన చెక్కిళ్ళు అచ్చట శృంగారమునకు అంగములు. లోకమున మాత్రము ఆ ఎఱుపునకు వేఱు అర్థములు కల్పించిరి. కొందఱికి అది తాగుబోతుతనమునకు గుర్తు. మఱికొందఱికి, మద్యమునకు తాళలేని దుర్బలత్వమునకు గుర్తు. ఈ రెండును నిజము కావని తెలియుటకు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధము రావలసివచ్చినది. ఆ వృత్తాంతమును ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

జపాను, చైనా, కొరియా దేశములలో చిన్న గ్లాసెడు బీరు పుచ్చుకొన్నంతనే పలువురికి ముఖము, మెడ కందిపోవును. గుండె వడిగా కొట్టుకొనును. తలనొప్పి, వికారము కలుగును. పాశ్చాత్యులలో ఇట్లగుట అరుదు. 1972లో పీటర్ వుల్ఫ్ అను అమెరికా వైద్యుడు జపాను, తైవాను, కొరియా జాతులవారిని పాశ్చాత్యులతో పోల్చి చూచి, ఈ భేదము పసికందులలో సైతము కలదని 'సైన్స్' పత్రికలో ప్రకటించెను. అనగా ఇది అలవాటు వలన వచ్చినది కాదు, పుట్టుకతో వచ్చినదే. అయితే కారణము నాడీమండలమున ఉండవచ్చునని ఆయన తలచెను.

అసలు కారణమునకు ఆధారము అంతకు పూర్వమే, వేఱొక దారిని దొరకియుండెను. రబ్బరు తయారీకి వాడు ఒక గంధక రసాయనముతో పనిచేయు కార్మికులు మద్యమును సహింపలేకపోవుచున్నారని 1937లో అమెరికాలో ఒక వైద్యుడు వ్రాసెను. తరువాత పదేండ్లకు కోపెన్‌హేగెన్ నగరమున హాల్డ్, యాకబ్సెన్ అను పరిశోధకులు అట్టి రసాయనమునే, డైసల్ఫిరామును, కడుపులోని పురుగులకు మందుగా పరీక్షించుచుండిరి. మందు నిరపాయకరమో కాదో తెలియుటకు తామే మాత్రలు మ్రింగిరి. ఆ తరువాత కొలదిగా మద్యము సేవింపగనే ముఖము ఎఱ్ఱబడి, గుండె దడదడలాడినది. కారణము వెదకి 1948లో ప్రకటించిరి. అదియే పిమ్మట త్రాగుడు మాన్పించుటకు 'యాంటబ్యూస్' అను పేర వాడుకలోనికి వచ్చినది.

వారు కనుగొన్నది ఇది. మన కాలేయము మద్యమును రెండు మెట్లలో మార్చును. మొదటి మెట్టున అది ఎసిటాల్డిహైడ్ అను విషపదార్థమగును. రెండవ మెట్టున మఱియొక ఎంజైము ఆ విషమును హానిలేని ఎసిటేటుగా మార్చును. పులిసిన సిర్కాలోని ఆమ్లమునకు ఇది చుట్టము. రెండవ మెట్టు కుంటుపడినచో విషము రక్తమున నిలిచి, రక్తనాళములు ఉబ్బి, మోము ఎఱ్ఱబడును. డేన్మార్కున మాత్ర చేసిన పనిని తూర్పు ఆసియావాసులలో పలువురికి పుట్టుకయే చేయుచున్నది. హాంబర్గు నగరమున గేడ్డె, అగర్వాల్, హరాడా అను శాస్త్రజ్ఞులు 1981లో ఈ సంగతిని 'లాన్సెట్' పత్రికలో వెల్లడించిరి. 1984లో కాలిఫోర్నియాలో అకిరా యోషిడా బృందము లోపమెచ్చటనున్నదో చూపెను. 500 అమైనో ఆమ్లముల గొలుసున 487వ చోట గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసినది. దాని స్థానమున లైసిన్ ఉన్నది. ఆ ఒక్క పూస మాఱుటచే ఎంజైము పనికిరాకపోయినది.

ఈ మార్పు తల్లిదండ్రులలో ఒక్కరి నుండి సంక్రమించిననూ ఎంజైము బలము మిక్కిలి తగ్గును. ఇరువురి నుండి సంక్రమించినవారు మద్యమును దాదాపు ముట్టనేలేరు. కావున ఈ లోపము త్రాగుడునకు సహజమైన కంచె అని శాస్త్రజ్ఞులు భావించిరి. ఆ కంచె ఎంత గట్టిదో జపాను చరిత్రయే చెప్పినది. మద్యవ్యసనమునకు చికిత్స పొందు జపానువారిలో, ఒక్కరి నుండి ఈ మార్పు పొందినవారు 1979లో నూటికి 2.5 మంది. 1986లో 8 మంది. 1992లో 13 మంది. హిగుచి అను వైద్యుడు, ఆయన సహచరులు 1994లో ఈ లెక్కలు ప్రకటించిరి. పదమూడేండ్లలో పుట్టుక గుణములు మాఱవు. మాఱినది సంఘము. కొలువు ముగిసిన పిమ్మట పైయధికారితో, తోడి ఉద్యోగులతో కూర్చుండి త్రాగుట మర్యాదయైనచోట, ముఖము వలదని చెప్పుచున్ననూ చేయి గిన్నెనందుకొనును.

అందులకు చెల్లించు మూల్యము చిన్నది కాదు. ఎసిటాల్డిహైడ్ కణములలోని వంశసూత్రములను చెఱచును. ఈ లోపముండియు త్రాగువారికి అన్నవాహికలో కాన్సరు వచ్చు ప్రమాదము పలు రెట్లు అధికమని 1996 నుండి జపాను పరిశోధనలు చూపినవి. 2009లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారము ప్రపంచమున ఈ లోపమున్నవారు 54 కోట్లమంది, అనగా నూటికి ఎనమండుగురు. ఐననూ ఎఱుపు కనబడకుండుటకు కడుపుమంట మాత్రలు మ్రింగి విందులకు పోవువారున్నారు. ఆ మాత్ర ఎఱుపును మఱుగుపఱుచునే గాని విషమును తొలగింపదు. గంట మ్రోగుట ఆగినంతమాత్రమున నిప్పు ఆఱునా?

మన దేశమున ఈ లోపము మొత్తముమీద అరుదు. అంతమాత్రమున మన ముఖము ఎఱ్ఱబడలేదు గనుక మనకు భయము లేదని తలచుట తగదు. మద్యపానము కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. ఆ నిర్ణయము జాతిభేదము లేక అందఱికిని వర్తించును. ఇక, పంక్తిలో ఎవరేని మోము కందినవాడై గిన్నెను ప్రక్కకు జరిపినచో, అతనిని పిఱికివాడని పరిహసింపక, బలవంతపెట్టక ఉండుటయే ఈ చరిత్ర వలన మనము నేర్వదగిన మర్యాద.