సార్వభౌమత్వాన్ని వదులుకోవడానికి సిద్ధపడిన రాజ్యాంగం

స్వాతంత్ర్యం సాధించుకున్న దేశం ఆ స్వాతంత్ర్యాన్ని మరొకరికి అప్పగించేందుకు తన రాజ్యాంగంలోనే దారి తెరిచి ఉంచుకోవడం చరిత్రలో అరుదు. 1960లో ఘనా రిపబ్లిక్‌గా మారినప్పుడు రాసుకున్న రాజ్యాంగంలో అటువంటి అధికరణం ఉంది. ఆఫ్రికా దేశాల యూనియన్ త్వరలోనే ఏర్పడుతుందన్న నమ్మకంతో, తమ సార్వభౌమాధికారాన్ని పూర్తిగా గానీ, పాక్షికంగా గానీ ఆ యూనియన్‌కు ధారాదత్తం చేసే అధికారాన్ని ఘనా ప్రజలు తమ పార్లమెంటుకు ఇచ్చారు. అప్పటికి బ్రిటిష్ పాలన ముగిసి మూడేళ్లే అయింది. గినీ, మాలీ రాజ్యాంగాల్లోనూ ఇదే భావం ఉన్న నిబంధనలుండేవి.

ఆ అధికారాన్ని వాడవలసిన సందర్భం ఘనా పార్లమెంటుకు ఎన్నడూ రాలేదు. దాన్ని ఒక స్వాప్నికుడి వైఫల్యంగా కొట్టిపారేయడం మన రాజకీయ వ్యాఖ్యాతలకు అలవాటు. క్వామే ఎన్‌క్రుమా స్వాప్నికుడే, సందేహం లేదు. అయితే ఆయన వాదనకు పునాది స్వప్నం కాదు, లెక్క.

వలస పాలకులు ఆఫ్రికాలో వేసిన రైలు మార్గాలను పటంలో గమనిస్తే ఆ లెక్క అర్థమవుతుంది. గని నుంచి రేవుకు, తోట నుంచి రేవుకు వేసిన పట్టాలే అవి. ఒక దేశాన్ని పక్క దేశంతో కలిపేవి బహు స్వల్పం. బ్రిటిష్‌వారి గోల్డ్ కోస్ట్‌లో పట్టాల వెడల్పు 1,067 మిల్లీమీటర్లు. దానికి ఆనుకునే ఉన్న ఫ్రెంచి వలస ఐవరీ కోస్ట్‌లో మీటర్ గేజి. రెండు మార్గాలూ సముద్రం వైపే సాగుతాయి, ఒకదాన్ని ఒకటి చూసుకోవు. ఘనాకు కోకో, జాంబియాకు రాగి, సెనెగల్‌కు వేరుశనగ! ఇలా ఒక్కో దేశం ఒకటి రెండు సరుకుల మీద బతుకుతూ, వాటి ధరను నిర్ణయించే శక్తి మాత్రం లేక ఐరోపా విపణుల వైపు చూస్తూ కూర్చోవాలి. కొద్ది లక్షల జనాభా ఉన్న దేశంలో ఉక్కు కర్మాగారం పెడితే కొనేవాడెవడు? పరిశ్రమకు పెద్ద విపణి కావాలి, పెద్ద విపణికి ఉమ్మడి ప్రణాళిక కావాలి, ఉమ్మడి ప్రణాళికను అమలు చేయడానికి ఒక రాజకీయ అధికారం ఉండాలి. అందుకే ముందు రాజకీయ ఐక్యత అన్నారాయన.

1963 మే నెలలో అడిస్ అబాబాలో హైలే సెలాసీ చక్రవర్తి ఆతిథ్యంలో స్వతంత్ర ఆఫ్రికా దేశాధినేతలు సమావేశమయ్యారు. అప్పటికే వారు రెండు శిబిరాలు. 1961లో మొరాకోలోని కాసాబ్లాంకాలో కలిసిన ఘనా, గినీ, మాలీ, ఈజిప్టు తదితర దేశాలది ఒక వర్గం. అదే ఏడాది లైబీరియా రాజధాని మన్రోవియాలో కలిసిన నైజీరియా, లైబీరియా, సెనెగల్, ఐవరీ కోస్ట్ తదితర దేశాలది మరొకటి. ఉమ్మడి ప్రభుత్వం, ఉమ్మడి కరెన్సీ, ఉమ్మడి రక్షణ వ్యవస్థ కావాలని ఎన్‌క్రుమా పట్టుబట్టారు. ఆ సభ కోసమన్నట్టుగా ఆ ఏడాదే వెలువడిన తన గ్రంథం ‘ఆఫ్రికా మస్ట్ యునైట్’లోనూ ఈ వాదనే వినిపించారు. నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవా మొదట ఆర్థిక సహకారం, ఆ తరువాతే తక్కినవి అన్నారు. టాంగన్యికా నేత జూలియస్ నైరేరేది మధ్యేమార్గం: గమ్యం ఐక్యతే కానీ మెట్టు మెట్టుగా, ప్రాంతీయ సమాఖ్యలతో మొదలుపెట్టి చేరాలి. మే 25న పుట్టిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ సభ్య దేశాల సార్వభౌమత్వాన్ని, ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యరాహిత్యాన్ని మూల సూత్రాలుగా స్వీకరించింది. ‘ఐక్యత’ అన్న మాట మిగిలింది. దాన్ని అమలుపరిచే అధికారం ఎవరికీ దక్కలేదు.

ఎన్‌క్రుమా ఓటమికి ఆయన స్వయంకృతం కూడా కొంత ఉంది. పొరుగున ఉన్న టోగో ఘనాలో కలిసిపోవాలని ఆయన బాహాటంగానే అనేవారు. 1963 జనవరిలో టోగో అధ్యక్షుడు సిల్వానస్ ఒలింపియోను ఆ దేశ సైనికులే కాల్చి చంపినప్పుడు అనుమానపు నీడ ఘనాపై పడింది. అది రుజువు కాలేదు. కానీ నాలుగు నెలల తరువాత అడిస్ అబాబాలో ఐక్యత గురించి ఆయన మాట్లాడుతుంటే చిన్న దేశాల నాయకుల చెవులకు ‘విలీనం’ అని వినిపించి ఉంటే తప్పు పట్టలేం. స్వదేశంలో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958 నుంచే అమలులో ఉంది. ప్రత్యర్థులను జైల్లో పెట్టే వ్యక్తి చేతికి ఖండమంతటినీ ఎవరు అప్పగిస్తారు?

మరుసటి ఏడాది కైరో సమావేశం మరో కీలక నిర్ణయం చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఉన్న సరిహద్దులనే అందరూ గౌరవించాలన్నది దాని సారాంశం. మొరాకో, సోమాలియా దాన్ని అంగీకరించలేదు. ఐరోపా వారు తమ సౌలభ్యానికి గీసుకున్న గీతలను ఆఫ్రికా తానే పవిత్రం చేసింది. వాటిని తిరగదోడితే రక్తపాతం తప్పదన్న భయం నిజమైనదే. నా దృష్టిలో ఆనాటికి అది వివేకవంతమైన నిర్ణయం. అయితే ఆ గీతలతో పాటే, వాటి వెంట ఉన్న సుంకాల చౌకీలూ, సముద్రం వైపు తిరిగిన పట్టాలూ స్థిరపడిపోయాయి.

ఇక్కడ మన అనుభవాన్ని పోల్చి చూడాలనిపిస్తుంది. 1947లో 560కి పైగా ఉన్న సంస్థానాలను భారత్ రెండు మూడేళ్లలో కలుపుకోగలిగింది. హైదరాబాద్‌కు సొంత నాణెం, సొంత రైల్వే, సొంత సైన్యం ఉండేవి. నిజాం ఐక్యరాజ్యసమితి తలుపు కూడా తట్టారు. ఆ వాదన అక్కడ స్థిరపడకముందే 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగిపోయింది. దాని మంచిచెడులు వేరే చర్చ. కానీ సంస్థానాధీశులకు రాజభరణాలు ఇచ్చి సరిపెట్టగలిగిన కేంద్రం ఒకటి ఢిల్లీలో ఉంది. ఆఫ్రికాలో అటువంటి కేంద్రం లేదు, ఉండే వీలూ లేదు. అక్కడి సంస్థానాలకు సమితిలో కుర్చీలు అప్పటికే దక్కాయి.

మరి నైరేరే చెప్పిన మెట్ల దారి ఏమైంది? దాన్ని పరీక్షించడానికి తూర్పు ఆఫ్రికాకు మించిన చోటు లేదు. బ్రిటిష్ పాలనలోనే కెన్యా, ఉగాండా, టాంగన్యికాలకు ఉమ్మడి రైల్వే, తపాలా, విమాన సంస్థ, ఉమ్మడి షిల్లింగు ఉండేవి. (అంతకుముందు, 1920 దాకా, కెన్యాలో చెలామణి అయింది మన రూపాయే. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు మార్గం వేసింది కూడా ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన వేలాది కూలీలే.) సమాఖ్య కోసం తన దేశ స్వాతంత్ర్యాన్ని కొంతకాలం వాయిదా వేసుకోవడానికైనా సిద్ధమేనని 1960లో నైరేరే ప్రకటించారు. 1963 జూన్‌లో నైరేరే, కెన్యాట్టా, ఒబోటే ముగ్గురూ నైరోబీలో కూర్చుని ఆ ఏడాదిలోనే సమాఖ్య ఏర్పరుస్తామన్నారు. ఏర్పడలేదు. 1966లో ఉమ్మడి షిల్లింగు స్థానంలో మూడు కరెన్సీలు వచ్చాయి.

1967లో తూర్పు ఆఫ్రికా సముదాయం ఏర్పడింది. పంపకం చక్కగానే చేశారు: ప్రధాన కార్యాలయం అరూషాలో, రైల్వేలు నైరోబీలో, రేవులు దార్ ఎస్ సలామ్‌లో, తపాలా కంపాలాలో. పరిశ్రమలు మాత్రం నైరోబీ చుట్టూనే పెరిగాయి. కెన్యా సరుకు తక్కిన రెండు దేశాలను ముంచెత్తుతుందన్న ఫిర్యాదు ఆగలేదు. ఒకవైపు పెట్టుబడిదారీ కెన్యా, మరోవైపు నైరేరే సామ్యవాదం. 1971లో ఇదీ అమీన్ ఉగాండాను కైవసం చేసుకున్నాక ఆయనతో ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి నైరేరే నిరాకరించారు. ముగ్గురు అధినేతల సభ ఆ తరువాత జరగనే లేదు. ఉమ్మడి వ్యవస్థలో తుది నిర్ణయం చేయవలసింది ఆ సభే! 1977లో విమాన సంస్థ కూలింది, టాంజానియా కెన్యా సరిహద్దును మూసివేసింది. అది 1983 దాకా తెరుచుకోలేదు. ఆస్తుల పంపకం తేలేసరికి 1984 వచ్చింది. మెట్లు ఉన్నాయి, ఎక్కవలసిన వారి మధ్య మాటలే లేవు.

1966 ఫిబ్రవరిలో ఎన్‌క్రుమా బీజింగ్‌లో ఉండగా ఘనా సైన్యం ఆయనను పదవీచ్యుతుణ్ణి చేసింది. సార్వభౌమత్వాన్ని వదులుకునే అధికరణం ఉన్న రాజ్యాంగమూ దానితోనే ముగిసింది. ఆయన 1972లో బుకారెస్ట్‌లో కన్నుమూశారు. పాతికేళ్ల తరువాత, ఘనా స్వాతంత్ర్యానికి 40 ఏళ్లు నిండిన సందర్భంగా అక్రాకు వచ్చిన నైరేరే తన పాత ప్రత్యర్థి గురించి మాట్లాడారు. జెండాలు, జాతీయ గీతాలు, పాస్‌పోర్టులు, 21 తుపాకుల వందనాలు పెరిగేకొద్దీ విభజన కొనసాగడంలోనే ప్రయోజనం ఉన్న బలవంతులు పెరుగుతారనీ, 1965 అక్రా శిఖరాగ్ర సభలో ఎన్‌క్రుమాకు ఎదురైంది ఆ శక్తులేననీ ఆయన అభిప్రాయపడ్డారు. పదవి వదిలి పన్నెండేళ్లయినవాడు కనుక అంత స్పష్టంగా చెప్పగలిగారేమో.

2018 మార్చి 21న కిగాలీలో 44 దేశాలు ఖండవ్యాప్త స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం చేశాయి. నేడు ఎరిత్రియా తప్ప అన్ని దేశాలూ చేశాయి. దాని సచివాలయం ఉన్నది అక్రాలోనే. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 సభలో ఆఫ్రికన్ యూనియన్‌కు శాశ్వత సభ్యత్వం దక్కింది. మనమూ సంతోషించాం. 2014 ఖాట్మండూ తరువాత సార్క్ శిఖరాగ్ర సభే జరగని ప్రాంతానికి చెందిన మనం మరొకరి ఐక్యతకు ఆతిథ్యమివ్వడంలోని వైచిత్రిని ఆ రోజు పెద్దగా ఎవరూ ప్రస్తావించలేదు.

ఆఫ్రికా దేశాల ఎగుమతుల్లో ఆఫ్రికాకే వెళ్లేవి నేటికీ ఆరో వంతుకు అటూ ఇటూగానే ఉన్నాయి. 2019 జులైలో నైజీరియా ఆ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది. ఆగస్టులో, బియ్యం దొంగరవాణా జరుగుతున్నదంటూ పొరుగున ఉన్న బెనిన్‌తో సహా తన భూ సరిహద్దులను సరుకులకు మూసివేసింది. ఒప్పందం కింద వర్తకం 2021 జనవరి 1న మొదలైంది. సరిహద్దులు తిరిగి తెరుస్తున్నట్టు నైజీరియా ప్రకటించింది దానికి పక్షం రోజుల ముందు.