యజమాని మారితే రేడియో గొంతు మారుతుందా?

ఇల్లు చేతులు మారితే కొత్త యజమాని ముందుగా గోడలకు సున్నం వేయిస్తాడు. పొలం చేతులు మారితే పైరు మారవచ్చును. పత్రిక చేతులు మారితే సంపాదకీయం మారుతుందని పాఠకులందరికీ అనుభవమే. మరి రేడియో నిలయం చేతులు మారినప్పుడు ఏమి మారుతుంది? ప్రసారయంత్రం అదే ఉండవచ్చును. భవనం అదే, గాయకులు కూడ ఒక్కొక్కప్పుడు వారే. అయినా సెట్టు ముందు కూర్చున్న శ్రోతకు ఏదో మారినట్లు తోస్తుంది. ఆ మార్పు స్వరూపం గ్రహించడానికి ముఖ్యంగా రెండు నిలయాల చరిత్ర మనకు సాయపడుతుంది. ఒకటి మద్రాసు, రెండవది హైదరాబాదు. విజయవాడ నిలయం 1948 డిసెంబరు 1వ తేదీన పుట్టుకతోనే ఆలిండియా రేడియో బిడ్డ. తక్కిన రెండింటి జాతకం అటువంటిది కాదు. అవి ఒకరి చేతిలో పుట్టి మరొకరి చేతిలో పెరిగినవి.

మద్రాసు సంగతి మొదట చూద్దాము. 1924 మే 16వ తేదీన ఆ నగరంలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడినది. దీనికి మూలపురుషుడు సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు. ఆ సంవత్సరమే జూలై 31వ తేదీన క్లబ్బు ప్రసారాలు ఆరంభించినది. మొదటి యంత్రం శక్తి 40 వాట్లు మాత్రమే. ఒక గదిలో వెలిగే మామూలు దీపానికి పట్టే విద్యుచ్ఛక్తి అంతే ఉంటుంది. తరువాత 200 వాట్ల యంత్రం వచ్చినది. ఈ క్లబ్బులో యజమాని వేరు, శ్రోత వేరు కారు. చందా కట్టినవారే యజమానులు, సెట్టు ముందు కూర్చున్నవారే సభ్యులు. వారి దృష్టిలో రేడియో ఒక అపురూపమైన వినోదం, శాస్త్రం చూపిన వింత. అయితే వింతకు ఖర్చు ఎక్కువ, చందా తక్కువ. 1927లో డబ్బు చాలక క్లబ్బు తన ప్రసారాలు నిలిపివేసినది.

సరిగ్గా ఆ సంవత్సరమే ఉత్తరాన వ్యాపారస్థులు రంగంలో దిగినారు. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలోను, ఆగస్టు 26న కలకత్తాలోను నిలయాలు ప్రారంభించినది. సెట్టు ఉన్న ప్రతి గృహస్థు ఏడాదికి 10 రూపాయల లైసెన్సు రుసుం చెల్లించాలి. అందులో నూటికి 80 వంతులు కంపెనీకి చెందేవి. లెక్క కాగితం మీద బాగానే ఉన్నది. కాని 1929 చివరకు కూడ దేశం మొత్తంమీద లైసెన్సులు ఎనిమిది వేలకు చేరలేదు. 1930 మార్చిలో కంపెనీ దివాలా తీసినది. ఏప్రిల్ 1వ తేదీన ఆ రెండు నిలయాలను భారత ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నది.

ఆ 1930 ఏప్రిల్ 1వ తేదీకి మన కథలో ఒక విశేషం ఉన్నది. బొంబాయి, కలకత్తాలలో వర్తకుని చేతినుండి రేడియో సర్కారు చేతికి పోయిన ఆ దినమే మద్రాసులో నగర కార్పొరేషన్ తన ప్రసారాలు ఆరంభించినది. మూతపడిన క్లబ్బు తన యంత్రాన్ని కార్పొరేషన్‌కు అప్పగించినది. వీధి దీపాలు, మంచినీళ్ళు, పాఠశాలలు చూచే సంస్థ ఇక పాటలు కూడ చూడవలసి వచ్చినది.

ఇక్కడనే మనం గమనింపవలసిన మొదటి మార్పు కనిపిస్తుంది. యంత్రం క్లబ్బుదే, నగరం అదే. కాని కార్యక్రమం పట్టిక వేరు. సాయంకాలం రెండు గంటల సంగీతం ఉండేది. దానితోబాటు బడి ఉన్న రోజులలో నాలుగు గంటల వేళ పిల్లలకు సంగీత పాఠాలు, కథలు వినిపించేవారు. సెలవు దినాలలో గ్రామఫోను రికార్డులు వేసేవారు. అంతటితో ఊరుకొనక మెరీనా తీరంలోను, పార్కులలోను లౌడ్‌స్పీకర్లు నిలిపినారు. సెట్టు కొనలేని కూలివాడు, గాలికోసం వచ్చిన గుమాస్తా, బొంగరం ఆడుకొనే పిల్లవాడు కూడ నిలబడి వినవచ్చును. క్లబ్బు దృష్టిలో శ్రోత అంటే సభ్యుడు. కార్పొరేషన్ దృష్టిలో శ్రోత అంటే పౌరుడు, బడిపిల్లవాడు. శ్రోత ఎవరన్న ఊహ మారగానే పాట పాడే వేళ మారినది, వినే చోటు మారినది.

యజమాని మారినప్పుడు అన్నిటికంటె ముందుగా మారేది ఈ ఊహయే అని నా అభిప్రాయం. ప్రతి యజమాని తన మనస్సులో ఒక శ్రోతను కూర్చుండబెట్టుకొని ఆయనకోసం కార్యక్రమాలు తయారు చేయిస్తాడు. ఆ ఊహలో మనకు చోటున్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

అయితే శ్రోతకు ఈ వ్యవహారంలో ఏ శక్తీ లేదని అనుకొనరాదు. ప్రభుత్వం చేతికి వచ్చిన బొంబాయి, కలకత్తా నిలయాలు నష్టం తెస్తున్నవని 1931 అక్టోబరులో వాటిని మూసివేయ నిశ్చయించినారు. శ్రోతలు, సెట్లు అమ్మే వర్తకులు గట్టిగా ఆందోళన చేసినారు. ప్రభుత్వం మనస్సు మార్చుకొన్నది. 1932లో దిగుమతి సెట్లపై సుంకం నూటికి 25 నుండి 50కి పెంచి, ఆ రాబడితో నిలయాలను నిలబెట్టినది. ఆనాటి కొద్ది వేలమంది శ్రోతలు నోరు మెదపకుండ ఉండినట్లయితే మన దేశపు రేడియో చరిత్ర అక్కడనే ఆగియుండేది.

ఆ సర్కారు రేడియోకు 1936లో ఆలిండియా రేడియో అని పేరు వచ్చినది. 1938 జూన్ 16వ తేదీన అది మద్రాసులో తన నిలయం తెరిచినది. కార్పొరేషన్ ప్రసారాలకు తెర పడినది. కొత్త యజమాని ఊహలో శ్రోత ఒక నగర పౌరుడు కాడు, ఒక భాష మాట్లాడే మనిషి. కనుకనే తమిళంతోబాటు తెలుగుకు వాటా ఏర్పడినది. అంతకు పూర్వం కచేరీలో త్యాగరాజస్వామి కృతి పాడినప్పుడు తెలుగు మాట రేడియోలో వినిపించి ఉండును. కాని తెలుగు ప్రసంగానికి, తెలుగు నాటకానికి ప్రత్యేకించి కాలం కేటాయించే ఏర్పాటు వచ్చినది ఇప్పుడే. ఆ తొలి దినాలలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు మద్రాసు నిలయం నుండి తెలుగు భాషను గురించి ప్రసంగించినారు. వాడుక భాషకై జీవితమంతా పోరాడిన వృద్ధుని గొంతు, చదువురాని వానికి సైతం వినిపించే సాధనంలో పలికినది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘అక్కయ్య’ అయినదీ మద్రాసులోనే. బాలాంత్రపు రజనీకాంతరావుగారు లలితసంగీతానికి దారి తీసినదీ అక్కడనే.

లాభం ఇంత ఉన్నది. నష్టం కూడ లేకపోలేదు. కార్పొరేషన్ రేడియో బాగా లేకుంటే నగరవాసి తన వార్డు సభ్యుని అడుగగలిగేవాడు. ఇప్పుడు నిర్ణయం ఢిల్లీలో. నిలయం పెద్దదైనది, యజమాని దూరమైనాడు.

ఇక హైదరాబాదు. ఇక్కడ కథ ఒక్క వ్యక్తితో మొదలవుతుంది. తపాలా తంతి శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన 1930ల తొలి సంవత్సరాలలో చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న నిలయం నెలకొల్పినారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. అదే దక్కన్ రేడియో. తరువాత సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల యంత్రం నిలిపినారు. ఒక ఉద్యోగి ఉత్సాహంతో పుట్టిన వస్తువు సంస్థానపు అధికార చిహ్నాలలో ఒకటైనది.

సంస్థానం ఊహించిన శ్రోత ప్రభుభక్తి కలిగిన ప్రజ. ఆస్థాన భాష ఉర్దూ కనుక నిలయంలో పెద్దపీట ఉర్దూకే. తెలుగు, మరాఠీ, కన్నడాలకు చిన్న చిన్న వాటాలు. ప్రజలలో అధిక సంఖ్యాకుల భాష తెలుగే అయినా, నిలయం తలుపు దగ్గర అది అతిథి వలె నిలుచున్నది. ఐతే న్యాయం చెప్పవలెనంటే, ఉర్దూ కవిత్వానికి, సంగీతానికి, నాటకానికి ఆ నిలయం మంచి ఆశ్రయం ఇచ్చినది. ఒకరి నిరాదరణను చెప్పేటప్పుడు మరొకరికి జరిగిన మేలు మరచిపోరాదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. నిజాం తన లొంగుబాటును లోకానికి ప్రకటించినది కూడ దక్కన్ రేడియో ద్వారానే. రాజు గొంతుగా ఏర్పడిన యంత్రం రాజ్యం ముగిసినదన్న మాటను కూడ తానే మోసినది. 1950 ఏప్రిల్ 1వ తేదీన హైదరాబాదు నిలయం భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. మళ్ళీ ఏప్రిల్ 1వ తేదీయే! 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయిన పిమ్మట అతిథిగా ఉన్న తెలుగు ఇంటిభాష అయినది. న్యాయపతివారు మద్రాసు నుండి తరలి వచ్చినారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, స్థానం నరసింహారావుగారు ఈ నిలయంలో పనిచేసినారు. దాశరథి కూడ ఇక్కడ ఉద్యోగించినవారే. ఉర్దూ ప్రసారాలు కొనసాగినవి, కాని ఇంటి పెద్ద స్థానం వాటిది కాదు. అదే నగరం, అదే నిలయం. పెద్దపీట మాత్రం మారినది.

మన పొరుగున మైసూరులో జరిగినది ఇంకొక తీరు. మహారాజా కళాశాలలో మనస్తత్వ శాస్త్రం బోధించే ఎం.వి. గోపాలస్వామిగారు 1935 సెప్టెంబరులో తమ ఇంటిలోనే 30 వాట్ల నిలయం పెట్టినారు. దాని పేరు ఆకాశవాణి. కొంతకాలానికి భారం పెరిగి అది సంస్థానం చేతికి, 1950లో భారత ప్రభుత్వం చేతికి చేరినది. 1955లో బెంగుళూరులో పెద్ద నిలయం రాగా మైసూరు ప్రసారాలు అక్కడికి తరలిపోయినవి. ఆ నగరానికి తన నిలయం మళ్ళీ దక్కడానికి చాలా సంవత్సరాలు పట్టినది. కాని చూడండి, చిన్న ఇంటిలో పుట్టిన పేరు దేశమంతటి రేడియోకు పేరైనది. చేతులు మారినప్పుడు కొన్ని పోతవి. కొన్ని, మనం అనుకొనని దారిన, నిలుస్తవి.

అటుపిమ్మట యాజమాన్యంలో వచ్చిన మార్పులు శ్రోతలకు తెలిసినవే. 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. 1997లో ఆకాశవాణి ప్రసారభారతి కిందకు వచ్చినది. 2000 సంవత్సరం తరువాత వేలంలో లైసెన్సులు పొందిన ప్రైవేటు ఎఫ్.ఎం. నిలయాలు నగరాలలో వెలిసినవి. వాటికి రాబడి ప్రకటనల వలననే. వాటి ఊహలోని శ్రోత సభ్యుడు కాడు, ప్రజ కాడు, కొనుగోలుదారు. అందుచేత కొత్త సినిమా పాట, చురుకైన మాట ఎక్కువ. స్వంతంగా వార్తలు సేకరించి చెప్పే అనుమతి వాటికి ఇవ్వలేదు. కనుక నగరంలో నిలయాలు పెరిగినవి గాని, ఆ నగరం సంగతి చెప్పే గొంతులు ఆ మేరకు పెరగలేదు.

దీనికి ఎదురుగా ఒక చిన్న నిలయం నిలుస్తుంది. జహీరాబాదు ప్రాంతంలో మాచనూరు అనే గ్రామం ఉన్నది. 2008 అక్టోబరు 15వ తేదీన అక్కడ సంగం రేడియో ప్రసారాలు ఆరంభమైనవి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలే దానిని నడిపినారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, గ్రామ వైద్యం, పండుగ పాటలు వారి కార్యక్రమాలు. భాష అక్కడి స్త్రీలు పొలంలో మాట్లాడుకొనేదే. 1924 నాటి మద్రాసు క్లబ్బు వలెనే ఇక్కడ కూడ యజమాని, శ్రోత ఒక్కరే. భేదమల్లా ఒక్కటి. ఆనాడు సెట్టు కొనగలిగినవారు తమకోసం పాడించుకొన్నారు. ఈనాడు సెట్టు కూడ లేని ఇండ్ల స్త్రీలు తమ మాట తామే చెప్పుకొన్నారు.

ఈ నూరేండ్ల కథలో ఏ యజమానీ పూర్తిగా మంచివాడు కాడు, పూర్తిగా చెడ్డవాడు కాడు. క్లబ్బుకు ఉత్సాహం ఉన్నది, డబ్బు లేదు. కార్పొరేషన్‌కు పౌరునిపై శ్రద్ధ ఉన్నది, ఊరు దాటే శక్తి లేదు. సంస్థానానికి శక్తి ఉన్నది, అందరి భాషపై సమదృష్టి లేదు. కేంద్ర ప్రభుత్వం భాషలకు చోటిచ్చినది, కాని నిర్ణయాన్ని దూరం చేసినది. వ్యాపారి చురుకుదనం తెచ్చినాడు, కాని కొనలేనివాని సంగతి ఆయన లెక్కలోకి రాదు.

కనుక మీ ఊరి నిలయం రేపు మరెవరి చేతికి పోయినా, కొత్త పేరు ఏమిటి, కొత్త భవనం ఎక్కడ అని మాత్రమే విచారింపకండి. ఏ వేళ ఎవరికోసం కేటాయించినారు, ఏ భాషకు ఎంత చోటున్నది, మీ వీధి మాట అందులో వినిపిస్తున్నదా అని పరిశీలించండి. లేకుంటే నిలయానికి ఒక ఉత్తరం వ్రాయండి. 1931లో మూతపడబోయిన రేడియోను నిలిపినది శ్రోతల మాటయే. నిలయాలలో పనిచేసే మావంటివారికి యజమాని ఉత్తరువు ఎంత ముఖ్యమో శ్రోత వ్రాసిన ఉత్తరం కూడ అంత ముఖ్యమే.