ఈస్ట్ రివర్ అడుగున తిరిగిన చక్రాలు

విద్యుత్తు చరిత్ర అనగానే మనకు బొగ్గు, ఆనకట్టలు గుర్తుకు వస్తాయి. ఆ రెండూ లేకుండా, మహానగరం మధ్య పారే నీటి అడుగున చక్రాలు తిప్పి కరెంటు తీసిన ఉదంతం న్యూయార్క్‌లో జరిగింది. సభ్యులకు, వారి పిల్లలకు ఆసక్తిగా ఉంటుందని ఆ చరిత్రను క్లుప్తంగా వివరిస్తున్నాను.

ఈస్ట్ రివర్ పేరుకే నది. నిజానికి అది రెండు కొసలా సముద్రపు నీటితో కలిసే జలసంధి. యానాం వద్ద గోదావరిలోకి పోటునీరు ఎగదన్నడం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఇక్కడ సుమారు ఆరు గంటలకొకసారి ప్రవాహం దిశ మార్చుకుంటుంది. ఆ దారిలో ‘హెల్ గేట్’ (నరకద్వారం) అనే ఇరుకుచోట ఎన్నో ఓడలు దెబ్బతిన్నాయి. 1882 సెప్టెంబరు 4న ఎడిసన్ ఇదే నగరంలో పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుండి బొగ్గు కరెంటు ఇవ్వసాగాడు. మూడేళ్ళకు, 1885 అక్టోబరు 10న, సైన్యపు ఇంజనీర్లు సుమారు 3 లక్షల పౌన్ల మందుగుండుతో హెల్ గేట్‌లోని ఫ్లడ్ రాక్ అనే బండను పేల్చివేశారు. ఆనాడు ఆ ప్రవాహం ఓడలకు శత్రువు మాత్రమే.

ఆ శత్రువు చేత పని చేయించడానికి వెర్డంట్ పవర్ అనే సంస్థ పూనుకున్నది. 2006 డిసెంబరులో రూజ్‌వెల్ట్ ద్వీపం పక్కన, 5 మీటర్ల వ్యాసం గల టర్బైన్లను నీటి అడుగున నిలపడం మొదలుపెట్టింది. నీరు గాలికన్నా 800 రెట్లు చిక్కన. పైగా వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్కే వారికి వరమూ, శాపమూ అయింది. ప్రవాహం తాకిడికి మొదటి రెక్కలు విరిగాయి. రెక్కలు గట్టిపరిస్తే, వాటిని బిగించిన బోల్టులు తట్టుకోలేకపోయాయి. 2008లో కొత్త లోహపు రెక్కలు దించారు. 2006-08 మధ్య ఆరు టర్బైన్లు మొత్తం సుమారు 70 వేల యూనిట్లు ఇచ్చాయి. లైసెన్సు లేనందున ఆ కరెంటును అమ్మలేదు. దగ్గరలోని ఒక కిరాణా దుకాణానికి, కార్లు నిలిపే భవనానికి ఉచితంగా ఇచ్చారు. చేపలకు హాని కలుగుతుందేమోనని సోనార్ పరికరాలతో కనిపెట్టి చూశారు.

2012 జనవరిలో 30 టర్బైన్ల వరకు పెట్టుకొనడానికి పదేళ్ళ లైసెన్సు లభించింది. అమెరికాలో అలల పోటుపాటులతో కరెంటు తీసి అమ్ముకునేందుకు ఇచ్చిన తొలి లైసెన్సు అదే. అయితే 30 ఎన్నడూ పెట్టలేదు. 2020 అక్టోబరులో ముక్కోణపు చట్రం మీద మూడింటిని దించారు. మరమ్మతుకు పైకి తీయడం దీనివల్ల సులువైంది. ఏడాది నిండకముందే ఆ మూడూ 3 లక్షల యూనిట్లకు పైగా ఇచ్చాయి. 2021లో ఆ ప్రదర్శన ముగిసింది.

నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్ళకు లెక్కిస్తే, 3 లక్షల యూనిట్లు 250 ఇళ్ళకు ఏడాదిపాటు సరిపోతాయి. అంత మహానగరానికి ఇది చాలా స్వల్పం. ఇన్నేళ్ళ శ్రమ ఇందుకేనా అని అడగవచ్చు. అయితే ఆరు టర్బైన్లు ఇచ్చినదానికి నాలుగు రెట్లు మూడే ఇచ్చాయి. గాలి వీస్తుందో లేదో, వాన పడుతుందో లేదో చెప్పలేము. పోటు వేళలను మాత్రం పంచాంగంలో తిథుల్లా ఏళ్ళ ముందే గణించవచ్చు. ఆ భరోసాను కరెంటుగా మార్చే యంత్రం ఎంత గట్టిగా ఉండాలో విరిగిన రెక్కలే నేర్పాయి. యంత్రాల దగ్గర పనిచేసి రిటైరైన మన సభ్యులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.