కౌమారుల్లో యాంటీసైకోటిక్ మందులు: దుష్ప్రభావాల చరిత్ర

ఒక మందు చరిత్రను చదివేటప్పుడు దాన్ని ఎవరు కనుగొన్నారన్న ప్రశ్నతో మీరు ఆగిపోకూడదు. దానివల్ల కలిగే హానిని ఎవరు, ఎప్పుడు, ఏ కొలతతో లెక్కించారని కూడా అడగాలి. బైపోలార్ రుగ్మత అంటే ఉన్మాద దశ, కుంగుబాటు దశ మారిమారి వచ్చే వ్యాధి. ఈ వ్యాధి ఉన్న కౌమారులకిచ్చే మందుల విషయంలో ఆ లెక్క స్పష్టం కావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

తొలి తరం మందులు

1950 డిసెంబరులో ఫ్రాన్స్‌లో పాల్ షార్పాంటియే క్లోర్‌ప్రోమజిన్‌ను తయారుచేశాడు. 1952 జనవరిలో పారిస్‌లోని ఒక సైనిక ఆసుపత్రిలో దీన్ని మొదటిసారి ఒక మానసిక రోగికి ఇచ్చారు. అతడు ఉన్మాద దశలో ఉన్న 24 ఏళ్ల యువకుడు. కాబట్టి ఉన్మాదంతో ఈ మందులకు మొదటినుంచీ సంబంధం ఉందని మీరు గమనించవచ్చు. అదే ఏడాది జాన్ డెలే, పియేర్ డెనికేర్ అనే వైద్యులు దీని వాడుకకు శాస్త్రీయ గుర్తింపు తెచ్చారు.

త్వరలోనే రోగుల్లో వణుకు, కండరాల బిగువు కనిపించాయి. ఆనాటి వైద్యుల్లో పలువురు వీటిని మందు పనిచేస్తోందనడానికి గుర్తుగా భావించారు. నోరు, నాలుక తమంతట తామే కదిలే స్థితిని 1957లో వర్ణించారు. మందు మానినా ఇది కొందరిలో తగ్గదు. దాంతో ఈ కదలికలను హానిగా చూడక తప్పలేదు.

రెండో తరం మందులు

1990లలో రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. వీటితో వణుకు తక్కువ కాబట్టి ఇవి భద్రమైనవన్న నమ్మకం బలపడింది. అదే కాలంలో అక్కడ బాలల్లో బైపోలార్ నిర్ధారణ బాగా పెరిగింది. 1994-95, 2002-03 మధ్య ఈ నిర్ధారణతో 20 ఏళ్లలోపువారు వైద్యుల వద్దకు వెళ్లడం సుమారు 40 రెట్లయింది. 2007లో 10 నుంచి 17 ఏళ్లవారి ఉన్మాద దశకు రిస్పెరిడోన్‌ను అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతించింది.

కొలత మారినప్పుడు మరో హాని బయటపడింది. 2009లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం, ఈ మందులు మొదటిసారి వాడుతున్న 4 నుంచి 19 ఏళ్లవారిని పరిశీలించింది. సుమారు 11 వారాల్లో సగటున ఒలాంజపిన్‌తో 8.5, క్వెటియాపిన్‌తో 6.1, రిస్పెరిడోన్‌తో 5.3, అరిపిప్రజోల్‌తో 4.4 కిలోల బరువు పెరిగింది. మందు వాడనివారిలో పెరుగుదల 0.2 కిలోలే. 2012లో వెలువడిన మరో అధ్యయనంలో బాలల ఉన్మాదానికి లిథియం కంటే రిస్పెరిడోన్ మెరుగ్గా పనిచేసింది. అయితే బరువు, ప్రొలాక్టిన్ హార్మోను ఎక్కువగా పెరిగింది కూడా దానితోనే.

ముగింపు

ప్రొలాక్టిన్ పెరిగితే బాలికలకు నెలసరి ఆగవచ్చు, బాలురకు రొమ్ములు ఉబ్బవచ్చు. శరీరం గురించి సిగ్గు, బెంగ ఎక్కువగా ఉండే వయసది. తోటివారి వెక్కిరింతకు భయపడి చెప్పకుండా మందు మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు. ఈ చరిత్ర మందులు వద్దని చెప్పడం లేదు. బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర, కొవ్వులను మొదటి రోజునుంచే చూడాలనీ, రోగి మాట వినాలనీ చెబుతోంది. హాని కనబడలేదంటే హాని లేదని కాదు. దాన్ని వెతికారా లేదా అన్నది మీరు వేయవలసిన ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

రెండో తరం మందులు భద్రమైనవన్న నమ్మకం ఎందుకు ఏర్పడింది? దాన్ని ఏ కొలతలు ప్రశ్నించాయి?