ముర్గీ చౌక్‌లో చిలకల చదువు

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ నగరాన్ని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టిలో రోడ్డుకు ఇరువైపులా ఉన్న రాతి కమాన్ల దుకాణాలు అది కట్టించినవే. ముత్యాలకూ షేర్వానీలకూ పేరుపడ్డ ఆ వీధి నుంచి గుల్జార్ హౌజ్, చార్మినార్ దాటి పడమటికి తిరిగితే మహబూబ్ చౌక్ వస్తుంది. 1892 నాటి గడియార స్తంభం ఉన్న ఈ చౌకులో కోళ్లు, పావురాలు, చిలకలు అమ్మేవారు. అందుకే జనం నోట అది ముర్గీ చౌక్.

మాట్లాడే చిలకంటే ఇక్కడ మోజు పాతదే. 1639లో గోల్కొండ కవి గవ్వాసీ చిలక చెప్పే కథలను దక్కనీలో ‘తూతీనామా’గా రాశాడు. తెలుగులో కదిరీపతి ‘శుకసప్తతి’ ఉండనే ఉంది. అంతకు రెండువేల ఏళ్ల ముందే పారశీక రాజు కొలువులోని గ్రీకు వైద్యుడు క్టీసియస్, భారతదేశపు చిలక ఇక్కడి భాష మాట్లాడుతుందనీ, నేర్పితే గ్రీకూ పలుకుతుందనీ రాసిపెట్టాడు.

చిలకల వ్యాపారంలో గిరాకీ ఎప్పుడూ గూటి పిల్లకే. రామచిలక పిల్ల చెట్టు తొర్రలో సుమారు ఏడు వారాలుంటుంది. ఎగరకముందే దాన్ని తీసుకొచ్చి చేత్తో తినిపించి పెంచితే మాట పట్టుకుంటుందని పెంపకందార్ల నమ్మకం.

ఆ నమ్మకం ఉత్తది కాదు. చిలకలు గుంపుగా బతికే పక్షులు. తమవాళ్లను పిలుచుకోవడానికి వాడే అరుపును అవి నేర్చుకుంటాయి. వెనిజులాలో చిన్న చిలకల గుడ్లను ఒక గూటి నుంచి మరో గూటికి మార్చి చూశారు. పిల్లల పిలుపు కన్నవారిది కాక పెంచినవారి పిలుపును పోలి వచ్చింది. ఆ పరిశోధన 2011లో వెలువడింది. పంజరంలోని పిల్లకు చుట్టూ ఉన్న మనుషులే గుంపు. పొద్దున లేస్తే వినపడే ‘మిఠ్ఠూ’ అన్న పిలుపునే అది తిరిగి అప్పజెప్తుంది. మనం మురిసిపోయే ఆ తెలివి వెనక ఉన్నది గుంపు కోసం వెతుకులాట.

తమాషా ఏమిటంటే, పక్క గంపలోని కోడికి ఈ నేర్చుకునే బెడద లేదు. పుట్టుచెవుడు ఉన్నా పుంజు పుంజులాగే కూస్తుంది. పావురం గుటగుటలూ అంతే, ఎవరూ నేర్పనక్కర్లేదు.

1990-91 నుంచి స్వదేశీ పక్షుల వ్యాపారాన్ని చట్టం నిషేధించింది. రామచిలకను ఇంట్లో పెంచినా నేరమే. ఇప్పుడు పంజరాల్లో బాహాటంగా అమ్మేవి ఆస్ట్రేలియా మూలాలున్న చిలక జాతులైన బడ్జీలు, కాకటీల్‌లు. బడ్జీకి నేర్పు చిన్నతనంతో ఆగదు. పెద్దయ్యాక కొత్త గుంపులో వేసినా కొన్ని వారాల్లోనే దాని పిలుపు తోటివాటితో కలిసిపోతుంది.