వెలనాటి యుత్సవములు – గోష్ఠీసంప్రదాయము

ఉత్సవశబ్దము ‘ఉత్’ అను నుపసర్గతోఁ గూడిన ‘సూ’ ధాతువువలనఁ గలిగినది. మనస్సును మీఁదికిఁ బ్రేరేపించు హర్షమే యుత్సవమని దీని తాత్పర్యము. తెలుఁగున నీ యర్థమును దెలుపు మాటలు పెక్కులు గలవు. యాత్రాశబ్దమునకు వికృతి జాతర. యజ్ఞము జన్నమైనట్లును, యోగి జోగియైనట్లును, ఇందును యకారము జకారమైనది. తిరునాళ్ళు అను మాటలోని ‘తిరు’ తమిళమున శ్రీశబ్దమునకు సమానము. శ్రీకరములైన దినములని సమాసార్థము. రూపమున నిది బహువచనమయ్యును లోకులు ‘తిరునాళ్ళ’ యని యేకవచనముగా వాడుచున్నారు. కొలుచుటనుండి యేర్పడిన కొలుపు గ్రామదేవతల పండుగలకుఁ జెల్లుచున్నది. ఈ నాలుగింటిలో నొకటి హర్షమును, ఒకటి ప్రయాణమును, ఒకటి దినమును, ఒకటి సేవను దెలుపుచున్నవి. పదుగురు కూడి వంతులు పంచుకొని యొక కార్యమును నిర్వహించుటను దెలుపు మాట వీనిలో లేదు. ఆ మాట గోష్ఠి. అది యీ సీమలోనే, ఱాతిమీఁద, రెండువేల యేండ్లకుఁ బూర్వమే వ్రాయఁబడియున్నది.

ఈ సీమ కృష్ణానదికి దక్షిణమున సముద్రముదాఁక వ్యాపించిన వెలనాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె యిందలి ముఖ్యపట్టణములు. మూఁడును చిరకాలము గుంటూరు మండలమునఁ దాలూకాస్థానములై యుండెను. 2022 ఏప్రిలు 4వ తేదిని బాపట్ల ప్రత్యేకజిల్లా యేర్పడఁగా రేపల్లె దానిలోఁ జేరెను. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. పరిపాలనకు హద్దులు మాఱినను పండుగలకు హద్దులు మాఱలేదు. 1899లో మద్రాసునకును బెజవాడకును నడుమ నేర్పడిన యినుపదారి తెనాలిని బాపట్లను గలిపెను. 1916లోఁ దెనాలినుండి రేపల్లెకు శాఖ వేయఁబడెను. ఒక యూరి తిరునాళ్ళకు వేఱొక యూరివారు నాఁటినుండి సులభముగాఁ బోవఁగలిగిరి.

రేపల్లెదారిలోనే భట్టిప్రోలు గలదు. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వి మూఁడు ధాతుమంజూషలను వెలికిఁ దీసెను. వానిపైనున్న ప్రాకృతలేఖనములను బ్యూలరు పండితుఁడు చదివి ప్రకటించెను. క్రీస్తుపూర్వపు శతాబ్దులకుఁ జెందిన యీ లేఖనములలో ధాతునిక్షేపమును జేసినవారి పేళ్ళున్నవి. కొందఱొక కుటుంబమువారు, కొందఱు నిగమసభ్యులు, అనఁగా వర్తకసంఘమువారు, మఱికొందఱు ‘గోఠి’వారు. ఈ గోఠియే సంస్కృతమున గోష్ఠి. కుబిరకుఁడను రాజు పేరును గలదు. అయినను అతఁడు తానొక్కఁడే దానమిచ్చినట్లు చెప్పుకొనలేదు. సింహగోష్ఠికిఁ ‘బాముఖుఁడు’, అనఁగాఁ బ్రముఖుఁడు, అని మాత్రమే యతని స్థానము నిర్దేశింపఁబడినది. మజూసయు, స్ఫటికపు సముగయు, ఱాతిసముగయు గోష్ఠివారందఱి దానములు. రాజు గోష్ఠికిఁ దలవాఁడేకాని గోష్ఠికి వెలుపలివాఁడు కాఁడు. ఆంధ్రదేశమునఁ దొలుత నెఱుకపడిన సామూహికధర్మకార్యములలో నిది యొకటి. ఇందు ముఖ్యమైనది పేళ్ళ పట్టిక.

గోష్ఠిశబ్దము తరువాతఁ బెక్కు త్రోవలు త్రొక్కినది. కావ్యభాషలో నది పండితుల సల్లాపమైనది. వైష్ణవాలయములలో దివ్యప్రబంధమును బఠించు సమూహమును, ఆ సమూహమునకుఁ బ్రసాదము వినియోగించుటయు నేఁటికిని గోష్ఠియే. ధనుర్మాసమున వేకువజామునఁ దిరుప్పావై సేవింపఁ గూడుకొనువారు ఈ ప్రాచీనశబ్దమును తెలియకయే కాపాడుచున్నారు.

బాపట్ల భావనారాయణస్వామి పేరిటి యూరు. భావపురి యని సంస్కృతీకరించి వ్రాయుటయుఁ గలదు. ఇచ్చటి విమానము గజపృష్ఠాకారము. బౌద్ధుల చైత్యగృహములందును కానవచ్చు నీ యాకృతి భట్టిప్రోలునకు సమీపమున వైష్ణవాలయమున నిలిచియుండుట గమనింపఁదగినది. బాపట్ల, పొన్నూరు, సర్పవరము, పట్టిసము పంచభావనారాయణక్షేత్రములలోనివని ప్రసిద్ధములు. వానిలో మొదటి రెండును ఈ సీమలోనివే. బాపట్లయాలయమునఁ బెక్కు శాసనములు గలవు. చందవోలు రాజధానిగా 12వ శతాబ్దమున వెలనాటిచోడు లేలిన కాలమున నీ తీరమంతయు నిట్టి దానశాసనములతో నిండియుండెను.

ఆనాఁటి యఖండదీపదానముల పద్ధతిని జూచినచో నుత్సవము నిలుచు విధము స్పష్టమగును. దాత దీపమునకై 50 గొఱ్ఱెలనో 55 గొఱ్ఱెలనో యిచ్చును. ఆ మందను బోయఁడు గైకొని, తానును తన సంతతివారును ప్రతిదినమును మానెడు నేయి దేవునకుఁ బోయుటకు నొప్పుకొనును. దాత పేరు శాసనమున మొదట నుండును. బోయని పేరు చివర నుండును. కాని దీపము వెలుఁగుట దాత యిచ్చిననాఁడొక్కనాఁటి పని. బోయఁడు పోసినన్నాళ్ళ పని. దానము పుణ్యమునకుఁ గారణము. వంతు దీపమునకుఁ గారణము. రథమును లాగువారు, దివిటీ పట్టువారు, మేళము వాయించువారు, పూలు గట్టువారు, వాహనమును మోయువారు ఇట్లే తమతమ వంతులను గలిగియుండిరి. ఆ వంతులకుఁ బ్రతిఫలముగా మాన్యములుండెను.

పండుగల కాలనిర్ణయమునకుఁ బంచాంగముతోపాటు పొలమును గారణము. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైనపిదపఁ బడమటిడెల్టా కాలువల నీరు ఈ మూఁడు తాలూకాలకును బాఱెను. జ్యేష్ఠమున నేరువాక, పుష్యమున సంక్రాంతి, ధాన్యమిల్లు చేరినపిదప మాఘఫాల్గునములఁ దిరునాళ్ళు, ఎండకాలపు మొదటఁ జలువపందిళ్ళక్రింద శ్రీరామనవమి – ఈ వరుస వరిపంట వరుసయే. చేతినిండఁ బని యున్ననాఁడు చూడవచ్చువాఁడు లేఁడు. గాదె నిండినపిదప వచ్చువానికిఁ గొఱత లేదు. కార్తికపౌర్ణమినాఁడు బాపట్లయొద్ద సూర్యలంకతీరమున సముద్రస్నానమునకు జనులు వేలకొలఁది గూడుదురు. కావ్యములలోని వ్రేపల్లె, అనఁగా గొల్లలపల్లె, పేరును మోయుచున్న రేపల్లె నదీతీరపుటూరు. పండ్రెండేండ్లకొకమాఱు బృహస్పతి కన్యారాశిఁ బ్రవేశించినపుడు వచ్చు కృష్ణాపుష్కరములలో నా తీరమునఁ బెనుమూడి స్నానస్థలమగును. 2004లోను 2016లోను అట్లే జరిగినది.

ఇంతవఱకుఁ జెప్పినది గోష్ఠియొక్క బలము. దాని లోపమును జెప్పక చరిత్ర పూర్తికాదు. గోష్ఠిలో వంతుగలవారందఱికిని ఆలయమున నడుగిడు హక్కుండెడిది కాదు. డప్పు మ్రోఁగినఁగాని కదలని జాతరలో డప్పు వాయించువాఁడు గుడి వెలుపలనే నిలిచెను. 1947 నాఁటి మద్రాసు దేవాలయప్రవేశశాసనము ఆ యడ్డును న్యాయతః తొలఁగించెను. శాసనము వ్రాసిననాఁడే యాచారము మాఱునని తలఁపరాదు. అయినను గోష్ఠి ద్వారము విశాలమగుటలో నది యొక మెట్టు.

మఱియొక మెట్టు తెనాలిలోఁ గానవచ్చును. ఆ యూరఁ గంగానమ్మ పేర నొక పేటయే గలదు. 1925లోఁ బురపాలకసంఘాధ్యక్షుఁడైన కవిరాజు త్రిపురనేని రామస్వామిచౌదరి గంగానమ్మ కొలుపులలోని మేఁకబలిని మాన్పించెను. దానికి గొప్ప ప్రతిఘటన గలిగినది. బలి లేక కొలుపెట్లగునని కొందఱును, బలితోఁ బట్టణమున కేమి గౌరవమని కొందఱును వాదించిరి. వాద మెట్లున్నను ఇందొక విశేషము గలదు. పూర్వము రాజో పూజారియో నిర్ణయించు విషయమును ప్రజ లెన్నుకొన్న సంఘము నిర్ణయించెను. ఉత్సవవిధి యిట్లు పౌరధర్మమైనది. దేవత మాత్రము నిలిచినది. చందవోలులో బండ్లమ్మ బగళాముఖియనియు వ్యవహరింపఁబడుట యిట్టిదే: దేశ్యనామము సంస్కృతనామమునకుఁ జోటిచ్చెనే కాని తాను తొలఁగలేదు.

మతభేదము గలవారి పండుగలను భాషాదృష్టితోఁ బరిశీలించిన సామరస్యము మాటలలోనే తెలియును. అరబ్బీభాషలో ‘ఉర్స్’ అనఁగాఁ బెండ్లి. సిద్ధపురుషుని యాత్మ పరమాత్మను గలిసికొన్న దినమును బెండ్లిగా భావించి ముసల్మానులు జరుపు నుత్సవ మది. తెలుఁగున నది ఉకారాంతమై ఉరుసైనది. దేవునకుఁ గల్యాణోత్సవము చేయు జనులకు నీ భావన క్రొత్తగాఁ దోఁపలేదు. గుంటూరిలోని కాలే మస్తాన్ షా దర్గాను గొలుచు హిందువులు తమ బిడ్డలకు మస్తానయ్య, మస్తానమ్మ యని పేళ్ళు పెట్టుకొనిరి. పారసీకప్రకృతికిఁ దెలుఁగుప్రత్యయము చేరిన యీ నామములు గోష్ఠి విస్తరించిన తీరుకు నిలువెత్తు సాక్ష్యములు. పీర్లపండుగలో నగ్నిగుండముచుట్టు తిరుగువారిలో హిందువులు తఱచుగా నుందురు. క్రైస్తవులును బెజవాడకడ ఫిబ్రవరి నెలలో జరుగు గుణదల మేరీమాత యుత్సవమునకుఁ దిరునాళ్ళు అను పేరే పెట్టిరి. ఆంధ్రక్రైస్తవకీర్తనలలోఁ బెక్కింటికి రాగతాళములు నిర్దేశింపఁబడియున్నవి. దేవుఁడు వేఱైనను పాడువాని గొంతుకలోని యలవా టొక్కటియే.

గుంటూరు మండలమునఁ బొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు బుఱ్ఱకథకుఁ బితామహుఁడని కీర్తి గాంచెను. పల్నాటివీరుల కథను ముసల్మానుఁడు చెప్పఁగాఁ బందిరిలోని హిందువులు కన్నీరు విడిచిరి. అతనికి 1986లోఁ బద్మశ్రీ లభించెను.

పందిరినుండి నాటకశాలకు దూరము తక్కువ. ఉత్సవరాత్రులలో హరికథలు, వీథినాటకములు విని పెరిగిన ప్రేక్షకులే తరువాత నాటకసమాజములను బోషించిరి. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు, 1920లో నా యూరనే హరిశ్చంద్ర నాటకమునఁ జంద్రమతిపాత్రధారి రాకపోఁగా నా పాత్రను ధరించి రంగప్రవేశము చేసెను. పిదపఁ దెనాలి శ్రీరామవిలాససభలోఁ జేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలచే నాంధ్రదేశమంతటఁ బేరువడసెను. 1956లోఁ బద్మశ్రీని బొందెను. స్త్రీలు రంగమునకు రాఁగూడదను నాచారమున్న కాలమునఁ బురుషుఁడు స్త్రీపాత్రకు వన్నె తెచ్చుట కళావిశేషమే. కాని యదే కాలమున సురభివారి నాటకములలో స్త్రీలే స్త్రీపాత్రలను ధరించుచుండిరి. ఆ సురభివంశపు వనారస గోవిందరావు చొరవతో 1929లో నాంధ్రనాటకకళాపరిషత్తు తెనాలిలోనే స్థాపింపఁబడెను. పరిషత్తనఁగా నేమి? కుబిరకుని గోష్ఠికిఁ గ్రొత్తపేరు. దేవాలయమున రథమున కెట్లు వంతులున్నవో, పరిషత్తున వేషమునకు, వాద్యమునకు, తెరకు, న్యాయనిర్ణయమునకు నట్లే వంతులున్నవి.

దేవుని పేరు లేకయే జరుగు వార్షికోత్సవములును ఈ సీమకుఁ గ్రొత్తవి కావు. 1913లోఁ బ్రథమాంధ్రమహాసభ బయ్యా నరసింహేశ్వరశర్మ యధ్యక్షతను బాపట్లలోఁ గూడెను. ఆ పిదప నేఁటేఁట నొక్కొక్క పట్టణమున సభ జరుగుచు వచ్చెను. తెలుఁగువారి తిరునాళ్ళ యదియే. 1942 ఆగస్టు 12వ తేదిని దెనాలిలోఁ బోలీసు కాల్పులలో నేడుగురు మరణించిరి. ఆ వీరుల స్మారకము రణరంగచౌకను పేర నూరినడుమ నిలిచియున్నది. ఏఁటేఁట నా దినమున నచ్చట నివాళు లర్పింపఁబడుచున్నవి. ఇందు నైవేద్యము లేదు, రథము లేదు. కాని పేళ్ళు చదువుట గలదు. భట్టిప్రోలు మంజూషపైఁ బేళ్ళు చెక్కించినవారి యుద్దేశమును, ఇచ్చటఁ బేళ్ళు స్మరించువారి యుద్దేశమును నొక్కటియే: కలసి చేసినది కలసి జ్ఞప్తియందుంచుకొనుట.

నేఁటి కాలమున నీ సంప్రదాయమునకు వచ్చిన యిబ్బందిని నిష్పక్షపాతముగాఁ జెప్పవలెను. 1956 నాఁటి యినాముల రద్దుశాసనముతో మాన్యముల పాఁతవ్యవస్థ మాఱెను. 1987 నాఁటి ధర్మాదాయశాసనము వంశపారంపర్యహక్కులను దొలఁగించెను. 2007 నాఁటి సవరణ అర్చకుల విషయమునఁ గొంత మార్పు చేసెను. పుట్టుకచే నొకనికి గౌరవము, ఒకనికి వెట్టి యేర్పఱచిన పద్ధతి పోవుట న్యాయమే. కాని హక్కుతోఁ గూడ వంతుకూడ లెక్కనుండి జాఱిపోయినది. వంతులేనిచోఁ జందాయు కూలియు మిగులును. చందా యిచ్చినవాఁడు చూపరి; కూలి పుచ్చుకొన్నవాఁడు పనివాఁడు; గోష్ఠివాఁ డెవ్వఁడును లేఁడు. 2011లో బాపట్ల భావనారాయణుని గాలిగోపురము కూలినపుడు దేశమంతయుఁ జూచినది. ఒక వంతు తప్పిపోయినపు డట్టి చప్పుడు పుట్టదు. కొంతకాలమునకు దాని పేరుకూడ మఱపునఁబడును.

కావున శాసనములను సేకరించినట్లే వంతులను సేకరింపవలసియున్నది. ఏ వాహనమును ఏ పేటవారు మోసిరో, ఏ మేళమునకు నే మాటతోఁ బిలుపు వెళ్ళెడిదో, కొలుపులలో మొదటికుండ యెవ్వరి యింటినుండి వచ్చెడిదో, పీరును మొదట నెవ్వరి వాకిట నిలిపెడివారో – ఇవి తెలిసిన వృద్ధులు ప్రతిగ్రామమున నింకను గలరు. పాఠశాలా పండితులు విద్యార్థులచే నీ మాటలను, పేళ్ళను వ్రాయించినచో మూఁడు తాలూకాలకు నొక యుత్సవకోశ మేర్పడును. అట్టి పట్టికలో దాత పేరు మొదట నున్నను బోయని పేరు చివర నుండకూడదు. భట్టిప్రోలు ఱాతిపై రాజు పేరు గోష్ఠితోఁ గలసియే చదువఁబడుచున్నది గదా.