నదికి ఈవలి గట్టున న్యాయము

రాజోలి గ్రామము తుంగభద్ర ఉత్తరపు గట్టున నున్నది. గద్వాల చీరలని లోకము మెచ్చుకొను నేతలో ఈ యూరి మగ్గములకును భాగమున్నది. నేతగాడు గుంటలో కాళ్లు దించి కూర్చుండి, తొక్కుడు చెక్కలను పాదములతో నొక్కుచు, చేతితో నాడెను ఆడించును. కన్ను, చేయి, కాలు మూడును కుదిరినగాని జానెడు గుడ్డ దిగదు. అట్టివానికి చికిత్సలో వైద్యుని అజాగ్రత్త వలన హాని కలిగినచో ఆరోగ్యముతోపాటు ఇంటి కూడును పోవును. అప్పుడతనికి అడుగు హక్కు కలదా? కలదేని ఎవరిని, ఎక్కడ అడుగవలెను? ఈ ప్రశ్నలకు మన దేశమున సమాధానము ఏర్పడిన చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచినాము.

పెద్ద జబ్బు చేసినచో రాజోలి వారికి నదికి ఆవలనున్న కర్నూలు దగ్గర. నిజాము పాలనలో నదికి ఈవల హైదరాబాదు రాజ్యము, ఆవల మద్రాసు రాష్ట్రము. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని అయ్యెను. 1956లో రెండు గట్లును ఒకే రాష్ట్రమున చేరినవి. 2014 జూన్ 2 నుండి నది మరల ఎల్ల అయినది. వ్యాధికి ఈ ఎల్లలతో పనిలేదు; చట్టమునకు మాత్రము చాలకాలము పని ఉండెను.

మొదట బాధితునకు సివిలు కోర్టు ఒక్కటే దారి. 1953 మే నెలలో మహారాష్ట్ర తీరమున ఒక వైద్యుని కుమారుడు పడి తొడయెముక విరుగగొట్టుకొనెను. పూనాలో చికిత్స జరుగుచుండగా మరణించెను. తగినంత మత్తు ఇయ్యక బలముగా ఎముకను సరిచేయుట వలన కలిగిన ఆఘాతమే మరణకారణమని కోర్టులు నిర్ణయించినవి. 1968లో సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యమున వైద్యునికి మూడు విధులు చెప్పెను: రోగిని చేపట్టవచ్చునా యని నిర్ణయించుటలో జాగ్రత్త, ఏ చికిత్స చేయవలెనని నిర్ణయించుటలో జాగ్రత్త, ఆ చికిత్సను నడపుటలో జాగ్రత్త.

సర్కారు ఆస్పత్రి సంగతి యేమి? ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రమున భాగమైన ఔరంగాబాదులో, 1963లో, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స పొందిన ఒక బాలింత కడుపులో గుడ్డ మరచిపోయిరి. ఆమె మరణించెను. ఆస్పత్రి నడపుట ప్రభుత్వపు సార్వభౌమాధికారములోనిది గాన తాను బాధ్యురాలను కానను వాదమును సుప్రీంకోర్టు 1996లో త్రోసిపుచ్చి, 36,000 రూపాయల పరిహారమును నిలబెట్టెను. ముప్పది మూడేండ్ల తరువాత వచ్చిన తీర్పది.

ఈ ఆలస్యమునకు కొంత విరుగుడుగా 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. వైద్యము సేవయా కాదా యను వివాదమును 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్చెను. సొమ్ము తీసికొని చేయు వైద్యము ఈ చట్టము క్రిందికి వచ్చును. కొందరివద్ద సొమ్ము తీసికొని కొందరికి ఉచితముగా చేయు ఆస్పత్రిలో, ఉచితముగా వైద్యము పొందినవారికిని ఈ హక్కు కలదు. అందరికిని పూర్తిగా ఉచితమైన ఆస్పత్రులు మాత్రము దీని వెలుపలివి. అచటి బాధితులకు సివిలు కోర్టు తలుపు తెరచియే యున్నది.

మన ప్రాంతపు వ్యాజ్యములలో పెద్దది హైదరాబాదు నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు సంబంధించినది. 1990 అక్టోబరులో అచట ఛాతీలోని గడ్డకు శస్త్రచికిత్స జరిగిన ఒక ఇంజనీరింగు విద్యార్థికి నడుము క్రింది భాగము చచ్చుబడినది. జాతీయ కమిషను 1999లో 15.5 లక్షల రూపాయలు ఇప్పించెను. చక్రముల కుర్చీకి పరిమితమైన ఆ యువకుడు సుప్రీంకోర్టులో తన వ్యాజ్యమును తానే వాదించుకొనెను. 2009 మే 14న కోర్టు పరిహారమును ఒక కోటి రూపాయలుగా నిర్ణయించెను. నరముల శస్త్రవైద్యుని తోడు లేకుండుటయు, సరియైన సమ్మతి తీసికొనకుండుటయు సంస్థ లోపములుగా ఎంచబడినవి. గుంటమగ్గమున కాళ్లతో బ్రతుకువానికి ఈ హాని యెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే రోగము నయము కాని ప్రతి సందర్భమును అజాగ్రత్త కాదు. సాధారణ నైపుణ్యము గల వైద్యుడు అట్టి స్థితిలో చూపవలసిన జాగ్రత్తయే కొలమానము. వైద్యునిపై నేరారోపణకు ఘోరమైన నిర్లక్ష్యము ఉండవలెనని 2005లో సుప్రీంకోర్టు తేల్చినది. భయపడిన వైద్యుడు కష్టమైన రోగిని ముట్టడు. అది మనకే నష్టము.

పాత చట్టము క్రింద ఎదుటిపక్షము ఉన్నచోటనో, హాని జరిగినచోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. 2019 నాటి కొత్త చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చి ఈ చిక్కును విప్పెను. ఆస్పత్రి నదికి ఆవల ఉన్నను, రాజోలి నివాసి తాను నివసించు ప్రాంతపు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలలోపు అయినచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనక తానే వాదించుకొనవచ్చును. గడువు సామాన్యముగా రెండేండ్లు.

ఈ హక్కు కాగితము మీద నిలుచును. చికిత్స పత్రములను కోరినచో వైద్యుడు 72 గంటలలో ఇయ్యవలెనని వైద్యవృత్తి నియమములు 2002 నుండి చెప్పుచున్నవి. చీటి, రసీదు, పరీక్షల నివేదిక, సమ్మతి పత్రపు నకలు, ఇంటికి పంపునప్పటి కాగితము, ఇవన్నియు దాచుకొనదగినవి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తినది. నీటికి కాగితము నిలువదని ఆ యూరికి మేము చెప్పనక్కరలేదు. కావున ఒక నకలును ఊరికి దూరముగా నున్న బంధువుల యింట ఉంచుట మంచిది. అడుగు హక్కును చట్టము ఇచ్చినది. దానిని నిలబెట్టు కాగితమును మాత్రము మనమే కాపాడుకొనవలెను.